పౌను గింజల లెక్క

కొడవలూరు నుంచి తూర్పుగా విడవలూరు దాటి రామతీర్థం వైపు పోతే, సముద్రం ఇంకా కనపడకముందే ఒక పాత కాలువ అడ్డం తగులుతుంది. బకింగ్‌హాం కాలువ. ఇవాళ చాలామందికి అది వంతెన మీద నుంచి దాటిపోయే బురదనీళ్ళు, అంతే. కానీ నెల్లూరు కోస్తాలో "సాయం" అనే మాటకి చరిత్ర రాయాలంటే నేనైతే ఈ కాలువ దగ్గరే మొదలుపెడతాను.

తుఫాను వచ్చిన ప్రతిసారీ మనం వినే మాట ఒకటుంది: "సహాయ కార్యక్రమాల్లో రాజకీయాలు వద్దు". ఆఫీసులో చందాలు పోగేసేటప్పుడూ ఇదే అంటాం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ నాకు తెలిసినంతలో రాజకీయం లేని సాయం ఈ గడ్డ మీద ఎప్పుడూ లేదు. తేడా అల్లా ఆ రాజకీయంలో ఆకలితో ఉన్నవాడికి గొంతు ఉందా లేదా అన్నదే. ఉత్తినే అనటం కాదు, కొన్ని ఘట్టాలు చెప్తాను. ఎక్కువ భాగం మన చుట్టుపక్కలవే.

ధాత కరువు

ముందు కాలువ సంగతి. ఇది ఒక్కసారిగా తవ్వింది కాదు. 1806లో బాసిల్ కాక్రేన్ అనే ఆయన మద్రాసు నుంచి ఎన్నూరు వైపు సొంతంగా మొదలుపెట్టాడు. 1837లో ప్రభుత్వం తీసుకుంది. ముక్కలు ముక్కలుగా పెరిగి, చివరికి మన పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు అయింది. అందులో 257 కిలోమీటర్లు మన రాష్ట్రంలోనే. మద్రాసు దగ్గర అడయారుకీ కూవం నదికీ మధ్య ఉన్న 8 కిలోమీటర్ల ముక్కని మాత్రం 1877-78లో కరువు పని కింద తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. పేరు ఆయనది. తవ్వినవాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు.

ఆ కరువు వచ్చింది 1876లో. అది ధాత నామ సంవత్సరం కాబట్టి జనం ధాత కరువు అన్నారు. వానలు ఎగ్గొట్టాయి. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు, ఇలా మద్రాసు రాజధానిలో సగం జిల్లాలు ఎండిపోయాయి. అప్పటికి నెల్లూరుకి రైలు కూడా లేదు. మద్రాసు ప్రభుత్వం 30 వేల టన్నుల ధాన్యం కొనడానికి సిద్ధపడితే, వైస్రాయ్ లిట్టన్‌కి నచ్చలేదు. ధాన్యం వ్యాపారంలో సర్కారు వేలు పెట్టకూడదన్నది ఆయన సిద్ధాంతం. ధర పెరిగితే వ్యాపారులే సరుకు తెస్తారు, ఇదీ లెక్క. తెచ్చారు కూడా. కాకపోతే కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. పంట లేకపోతే పని లేదు, పని లేకపోతే కూలి లేదు. అంగట్లో గింజలున్నా కడుపులోకి రావు. (దాదాపు వందేళ్ళ తర్వాత అమర్త్య సేన్ సిద్ధాంతంగా రాసిన విషయం ఇదే. కరువంటే తిండి లేకపోవడం కాదు, తిండి మీద హక్కు లేకపోవడం.)

1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటిస్తూ పెద్ద దర్బారు జరిగింది. అదే నెలలో లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని దక్షిణాదికి పంపాడు. పని: కరువు ఖర్చు తగ్గించడం.

ఈ టెంపుల్ కథ మన ఐటీ వాళ్ళకి బాగా అర్థమవుతుంది. 1873-74లో బీహార్‌లో కరువొస్తే ఇదే టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి, అడిగినవాడికల్లా పెట్టాడు. చచ్చిపోయినవాళ్ళు చాలా తక్కువ. పందొమ్మిదో శతాబ్దపు కరువుల్లో అంత బాగా జరిగిన సాయం ఇంకోటి దొరకడం కష్టం. దానికి ఆయనకి దక్కింది మెచ్చుకోలు కాదు, తిట్లు. ఇంత డబ్బు తగలేస్తావా అని పత్రికలూ పైవాళ్ళూ దులిపేశారు. ప్రాజెక్టు సక్సెస్, బడ్జెట్ ఓవర్‌రన్. మరుసటి ప్రాజెక్టుకి ఆయన ఏం నేర్చుకుని వచ్చాడో ఊహించుకోవచ్చు.

పనిలోకి వచ్చిన మగవాడికి రోజుకి ఒక పౌను, అంటే 450 గ్రాముల గింజలు, పైన ఒక అణా. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఇంకా తక్కువ. దానికి బదులుగా రోజంతా మట్టి తవ్వాలి, రాళ్ళు కొట్టాలి. దీన్నే టెంపుల్ కూలి అన్నారు.

అప్పుడు మద్రాసులో శానిటరీ కమిషనరుగా కార్నిష్ అనే డాక్టరు ఉండేవాడు. 1871 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసింది ఆయనే, అంటే అంకెలు బాగా తెలిసినవాడు. ఈ పౌను తిని మట్టిపని చేస్తే మనిషి మెల్లగా చస్తాడని ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. కనీసం 680 గ్రాములు కావాలి, దాంతో పాటు పప్పూ కూరా కావాలి, మట్టిపని చేసేవాళ్ళకి మరీనూ అన్నాడు. నెలల తరబడి కాయితాల మీద యుద్ధం నడిచింది. చివరికి మద్రాసు ప్రభుత్వం 1877 మార్చిలో మధ్యేమార్గంగా 570 గ్రాముల గింజలూ 43 గ్రాముల పప్పూ అని తేల్చింది.

నాకు ఈ ఘట్టంలో నెత్తురు చల్లబడే విషయం అంకెలు కాదు, ఆ వాదనలో ఎవరున్నారన్నది. ఇద్దరూ తెల్లదొరలే. ఒకరు ఖజానా తరఫున, ఒకరు వైద్యం తరఫున. గింజలు తినాల్సిన మనిషి ఆ గదిలోనే లేడు. కార్నిష్ లాంటి మొండివాడు ఆ కుర్చీలో ఉండబట్టి ఓ వంద గ్రాములు పెరిగాయి. వేరేవాడు ఉంటే అవీ లేవు. సాయం దయ మీద నడిస్తే బతుకు ఒక ఆఫీసరు స్వభావం మీద ఆధారపడుతుంది. ఆ కరువులో పోయినవాళ్ళు 55 లక్షల మందని ఒక అంచనా, కోటికి దగ్గరని ఇంకొకటి. మధ్యలో తేడా 40 లక్షల పైచిలుకు. మనుషుల్ని సరిగ్గా లెక్కపెట్టడం కూడా ఒక గౌరవమే. వాళ్ళకి అదీ దక్కలేదు.

కోడ్ ఉంది, రన్ చెయ్యలేదు

ఇంత జరిగాక లండన్‌లో కూడా గొడవయింది. రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కమిషన్ వేశారు, 1880లో నివేదిక వచ్చింది. దాన్నుంచి 1883లో ఫామిన్ కోడ్ పుట్టింది. నిజం చెప్పాలంటే ఇది గొప్ప డాక్యుమెంటు. ధరలు ఎగబాకుతున్నాయా, జనం ఊళ్ళు వదిలి తిరుగుతున్నారా, దొంగతనాలు పెరిగాయా అని ముందే గమనించాలి. అనుమానమొస్తే తక్కువ కూలితో కొన్ని పనులు తెరిచి చూడాలి. జనం ఎగబడి వస్తే కరువు నిజమే అన్నమాట. అప్పుడు కరువు ప్రకటించాలి. ప్రకటించాక పని ఇవ్వాలి, పని చెయ్యలేనివాళ్ళకి తిండి పెట్టాలి. మానిటరింగ్, అలర్టు, ఆ తర్వాత ఆటోమేటిక్ చర్య. 1883లో!

ఇంకోపక్క అంతకంటే గట్టి పని ఒకటి నెల్లూరులోనే జరిగింది. 1882-86 మధ్య పెన్న మీద సంగం ఆనకట్ట కట్టారు. అక్కణ్ణుంచి కనిగిరి రిజర్వాయరుకీ, ఆ రిజర్వాయరు కింద కోవూరు, కొడవలూరు, విడవలూరు, అల్లూరు పొలాలకీ నీళ్ళు. ఇవాళ మనం గొప్పగా చెప్పుకునే నెల్లూరు బియ్యంలో సగం కథ ఆ ఆనకట్టదే. (దాని పక్కనే కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది.) దొరలు ధర్మానికి కట్టలేదు, నీటితీరువా వస్తుందని కూడా కట్టారు. అది వేరే చర్చ. నేను చెప్పేది ఇదీ: గంజి పొయ్యడం సాయం. పోయినేడు గంజి కోసం నిలబడ్డవాడు ఈ ఏడు నిలబడక్కర్లేకుండా చెయ్యడం భద్రత. 1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళ నివేదికలో, మహబూబుల్ హక్ చొరవతో, "మానవ భద్రత" అనే మాట ప్రపంచం నోళ్ళలో పడింది. దేశానికి సరిహద్దు ఎంత ముఖ్యమో మనిషికి తిండి, ఆరోగ్యం, ఉపాధి, భయం లేని బతుకు అంత ముఖ్యం అన్నది దాని సారం. పెన్న ఉత్తరపు గట్టు మీది రైతుకి ఆ నివేదిక చదవకుండానే ఈ సంగతి తెలుసు.

సరే, కోడ్ వచ్చింది కదా, ఇక కరువు చావులు ఆగాయా? 1943లో బెంగాల్. ఇరవై ముప్పై లక్షల మంది పోయారు. కోడ్ పుస్తకంలో ఉంది. కానీ బెంగాల్ ప్రభుత్వం అధికారికంగా కరువు ప్రకటించనే లేదు. ప్రకటిస్తే కోడ్ ప్రకారం అందరికీ పెట్టాల్సి వస్తుంది, పెట్టడానికి గింజలు లేవు, కాబట్టి ప్రకటించం. యుద్ధం నడుస్తోంది, లండన్‌కి ప్రాధాన్యాలు వేరే ఉన్నాయి. అలర్టు మోగుతోందని అలారం వైరు పీకేసినట్టు. కోడ్ ఎంత బాగా రాసినా, రన్ చెయ్యమని అడిగే యూజర్ లేకపోతే అది డాక్యుమెంటే.

ఓటొచ్చింది

1977 నవంబరు 19. దివిసీమ. ఈ తేదీ కోస్తాలో ఎవరికీ పరిచయం చెయ్యక్కర్లేదు. ఉప్పెన ఊళ్ళని ఊడ్చేసింది, 10 వేల పైన జనం పోయారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి తిరిగారు. మతసంస్థలూ, పార్టీలూ, విదేశీ సంస్థలూ దిగాయి, ఎవరి జెండా వాళ్ళు పాతుకున్నారు. అప్పుడు కూడా పెద్దమనుషులు "రాజకీయాలు వద్దు" అనే అన్నారు. నా ఉద్దేశంలో మాత్రం ఆ రాజకీయమే మేలు చేసింది. ఇన్ని వేలమంది ఎందుకు పోయారు, హెచ్చరిక ఊళ్ళకి ఎందుకు చేరలేదు అని అడిగే ప్రతిపక్షం ఉంది, పత్రికలున్నాయి, మూడు నెలల్లో అసెంబ్లీ ఎన్నికలున్నాయి. 1877లో అలాంటి ప్రతిపక్షమూ లేదు, ఎన్నికలూ లేవు. ఆ తర్వాత ఏళ్ళలో తీరం వెంట తుఫాను షెల్టర్లు లేచాయి.

1989 నవంబరు 8-9 రాత్రి ఇంకొకటి. థాయ్‌లాండ్ దగ్గర పుట్టి, బంగాళాఖాతం మొత్తం దాటుకుని వచ్చిన "గే" తుఫాను మన కావలి దగ్గర తీరం దాటింది. మన తీరం చూసిన అతి భయంకరమైన గాలుల్లో అదొకటి. మన రాష్ట్రంలో పోయినవాళ్ళు 69 మంది. సరిగ్గా రెండు వారాలకి లోక్‌సభకీ అసెంబ్లీకీ పోలింగు. ఎన్టీఆర్ ప్రభుత్వం ఓడిపోయింది. తుఫాను వల్లే ఓడిందని నేననను, కారణాలు బోలెడు. కానీ పోలింగుకి రెండు వారాల ముందు తుఫానొస్తే ఏ ప్రభుత్వమైనా నిద్రపోతుందా? ఆర్నెల్లు తిరక్కుండానే, 1990 మేలో, చెన్నారెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా కృష్ణా డెల్టా మీదకి మళ్ళీ పెద్ద తుఫాను. ఈసారి లక్షల మందిని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యి లోపు. అది కూడా ఘోరమే, సందేహం లేదు. కానీ 1977 ఉప్పెనకీ దీనికీ మధ్య తేడా చూడండి. సముద్రం మారలేదు. హెచ్చరిక మారింది, బస్సులు మారాయి, అడిగేవాళ్ళు మారారు.

దేశాల మధ్య కూడా ఇదే లెక్క. 1965-67లో మన దగ్గర వరసగా వానలు తప్పినప్పుడు అమెరికా నుంచి పీఎల్-480 గోధుమలు వచ్చేవి. అధ్యక్షుడు జాన్సన్ ఏడాదికి సరిపడా ఒప్పుకునేవాడు కాదు, నెలనెలా పట్టిపట్టి వదిలేవాడు. వియత్నాం మీద మన ప్రభుత్వం మాట్లాడినందుకు కోపం ఒకటి, వ్యవసాయ విధానం మార్చుకోమని ఒత్తిడి ఒకటి. ఓడ దిగితే గాని కంచం నిండని పరిస్థితి. ఆ అవమానం ఢిల్లీకి బాగా గుర్తుండిపోయింది. 2004 డిసెంబరు 26 సునామీ అప్పుడు మన్మోహన్ సింగ్ ప్రభుత్వం విదేశీ ప్రభుత్వాల సాయం వద్దు, మేం చూసుకోగలం అనటం వెనక ఆ జ్ఞాపకం కూడా ఉందనుకుంటాను. పౌను గింజలు తీసుకునేవాడి వైపు నుంచి చూసినవాళ్ళకే ఇది అర్థమవుతుంది.

సునామీ అంటే గుర్తొచ్చింది. ఆ రోజు పెదగంజాం నుంచి చెన్నై దాకా చాలాచోట్ల లోపలికొచ్చిన నీటిని ఈ బకింగ్‌హాం కాలువే పట్టుకుని మళ్ళీ సముద్రంలోకి వదిలిందని తర్వాత పరిశీలించినవాళ్ళు రాశారు. పేర్లు లేని కూలీలు తవ్వినదాంతో సహా ఆ కాలువ, నూట పాతికేళ్ళ తర్వాత వాళ్ళెవరో తెలియనివాళ్ళని కాపాడింది. కరువు పనుల్లో చేసింది ఎంత కాలం నిలుస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

లిస్టులో పేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఓటు వచ్చింది, సాయం వచ్చింది. మరి అందరికీ వచ్చిందా?

ఇవాళ్టి సాయం ఒక లిస్టు. రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, పట్టాదారు పాసుపుస్తకం, ఇవి ఉంటే లిస్టులో పేరు ఉంటుంది. మనలాంటి వాళ్ళకి డేటాబేసులో రో లేకపోతే మనిషి లేనట్టే అన్నది జోకు. నెల్లూరు కోస్తాలో యానాదులకి అది జోకు కాదు. కాలువల్లో, కయ్యల్లో చేపలు పట్టుకుని, రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండి బతికేవాళ్ళు. ఇల్లు పుంత పక్కన, గుంట గట్టు మీద. పడవ ఉంటే పోయిన పడవకి పరిహారం వస్తుంది. చేత్తో చేపలు పట్టేవాడికి ఏం పోయిందని రాయాలి? ఆ కాలమ్ ఫారంలోనే ఉండదు.

రెండోవాళ్ళు కౌలు రైతులు. 2021 నవంబరులో కడప జిల్లాలో అన్నమయ్య డ్యామ్ తెగిపోయింది, ఇటు పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన ఫోటోలు రైలు పట్టాలవీ హైవేవీ. పొలాల్లో ఇసక మేట వేసినవాడి ఫోటో తక్కువ. డెల్టాలో సాగుచేసేవాళ్ళలో కౌలుకి తీసుకున్నవాళ్ళే బోలెడుమంది. పంట పోయింది వాళ్ళది, అప్పు వాళ్ళది. కాయితం మాత్రం భూమి యజమానిది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చాయి కౌలుదారుకి కార్డు ఇవ్వడానికి. 2019 చట్టం యజమాని సంతకం అడిగింది, కార్డుకి 11 నెలల గడువు పెట్టింది. భూమి మీద హక్కు యజమానిదే అని అందులో స్పష్టంగా ఉంది. అయినా చాలామంది సంతకం పెట్టరు. "ఎందుకొచ్చిన గొడవ, రేపు పొలం నాదంటాడేమో" అని.

ఆ యజమానులు ఎక్కడుంటారు? కొందరు ఊళ్ళోనే. చాలామంది హైదరాబాదులో, బెంగుళూరులో, డల్లాస్‌లో. అంటే మనవాళ్ళే. తుఫానొస్తే మనం ఆఫీసులో చందా వేస్తాం, కంపెనీ మ్యాచింగ్ ఇస్తుంది, ఫోటో పెడతాం. అదే తుఫానుకి ఊళ్ళో మన పొలం చేస్తున్న మనిషికి రావలసిన పంట పరిహారం మన పేరు మీద ఆగిపోతుంది. వెయ్యి రూపాయల చందా సాయం. ఒక సంతకం భద్రత. రెండోది ఉచితం కూడా.

దయకీ హక్కుకీ తేడా ఇంకా స్పష్టంగా చూడాలంటే ఉపాధి హామీ చూడండి. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే దాన్ని మొదలుపెట్టారు. మట్టిపని అదే, గడ్డపార అదే, టెంపుల్ కాలంలో లాగే. కానీ కూలి రేటు చట్టంలో ఉంది, వంద రోజులు అడిగి తీసుకునే హక్కుంది, ప్రతి కూలీకీ జాబ్ కార్డు మీద పేరుంది. మన రాష్ట్రంలో మస్టర్ల నుంచి చెల్లింపుల దాకా టీసీఎస్ వాళ్ళు సాఫ్టువేరు రాశారు. సోషల్ ఆడిట్ పేరుతో ఊరందరి ముందూ ఎవరికెంత ఇచ్చారో చదివి వినిపించారు. "నేనా రోజు పనికే రాలేదు, నా పేరు మీద డబ్బులెవరు తిన్నారు?" అని ఒక ముసలమ్మ లేచి అడగగలగడం, ఇదీ 1877కీ ఇప్పటికీ తేడా. అవినీతి ఆగిపోయిందని కాదు, అడగటం మొదలైందని.

హక్కులు కూడా రాసి పెట్టిన శిలాశాసనాలేం కావు. ఆ ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం ఆమోదించింది. రోజులు 125 అన్నారు, ఖర్చులో రాష్ట్రాల వాటా పెంచారు. మంచో చెడో ఊళ్ళలోనే తేలుతుంది. ఎన్ని రోజులు ఇచ్చారన్న దానికంటే, ఇవ్వకపోతే ఎవర్ని అడగాలి, అడిగితే వినే దిక్కుందా అన్నది చూడాలి. పౌను ఎంత అన్నది ఎప్పుడూ రెండో ప్రశ్నే. తూచేటప్పుడు తినేవాడు అక్కడ ఉన్నాడా అన్నది మొదటిది.

కాబట్టి "సాయంలో రాజకీయాలు వద్దు" అనేవాళ్ళతో నాకు పేచీ లేదు, పార్టీ జెండాల గురించైతే. కానీ ఎవరికి ఎంత, ఎవరు లెక్కపెట్టారు, ఎవరి పేరు రాలేదు అని అడగటం కూడా రాజకీయమే, అది మానకూడదు. ఊళ్ళో పొలం కౌలుకిచ్చినవాళ్ళు ఈసారి ఫోన్ చేసినప్పుడు, కౌలు డబ్బులు ఎప్పుడేస్తావు అని అడిగే ముందు, కార్డుకి సంతకం కావాలా అని ఒక్క మాట అడగండి. తుఫాన్ల కాలం మళ్ళీ రాకపోదు.